డేటా చూడకముందే తిన్న పండ్లు

ఎండాకాలం వచ్చిందంటే కర్నూలు బజారులో ఏ తోపుడుబండి చూసినా బనగానపల్లె పండ్లే. ఆ వాసనకు ఎవరికైనా నోరూరాలి. నాకు ఏడుపొస్తుంది. "తీసుకో అక్కా, చక్కెర లెక్కుండాయి" అంటాడు బండి అతను. నేను వినబడనట్టు మొహం తిప్పుకొని పోతాను. "మామిడిపండు వద్దనే మనిషిని యాడా చూళ్ళేదమ్మా" అని మొన్నొక పెద్దాయన నవ్వాడు. చూడకపోతే ఇప్పుడు చూడు అని గట్టిగానే అనేశాను. నాలుగడుగులు పోయాక బాధేసింది. ఆయన తప్పేముంది పాపం. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

ముందు నా పని గురించి చెప్పాలి, లేకపోతే పండ్ల సంగతి అర్థం కాదు. మాది కడప వైపు రాజంపేట. చదువయ్యాక కర్నూలు అవతల రాళ్ల నేలల్లో ఉన్న పరీక్షా మైదానంలో ఉద్యోగం దొరికింది. దాన్ని మేం రేంజి అంటాం. గడ్డి కూడా మొలవని నేల, నాపరాయి, తుమ్మచెట్లు, అక్కడక్కడ బోడి గుట్టలు. దాని మీదుగా యుద్ధ విమానాలు పోతుంటాయి. వాటి రెక్క కింద జామర్ అని ఒక పొడుగాటి డబ్బా కడతారు. శత్రువు రాడార్ విమానాన్ని పట్టుకొని వెంటాడుతుంటే, ఈ జామర్ దొంగ సంకేతాలు పంపి దాని కళ్లు కప్పాలి. రాడార్ తడబడి పట్టు వదిలేయాలి. పైలట్ ప్రాణం అందులోనే ఉంటుంది. శత్రువును పిలుచుకొచ్చి పరీక్ష పెట్టలేం కాబట్టి, శత్రువు రాడార్‌లా నడిచే రాడార్‌ను మేమే నేల మీద పెట్టుకుంటాం.

సరే, జామర్ పని చేసిందా లేదా అన్నది ఎవరు చెప్పాలి? పైన ఉన్న పైలట్‌కు తెలియదు. చేసినవాళ్లు చెప్తే చెల్లదు, కాకిపిల్ల కాకికి ముద్దు. మేం చెప్పాలి. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లం. విమానం ఎక్కడుందో, రాడార్ ఎటు చూస్తోందో, జామర్ ఎప్పుడు నోరు తెరిచిందో, అన్నీ వేరువేరు చోట్ల రికార్డు చేసి, అన్నింటినీ ఒకే గడియారానికి కట్టి, పక్కపక్కన పెట్టి చూస్తాం. అప్పుడు గానీ నిజం బయటపడదు. ఎగిరినప్పుడు తెర మీద కనబడేది నిజం కాదు, నిజం నీడ. ఈ మాట నాకు నేర్పింది మా సారు.

ఆ జామర్‌ను పుట్టించింది ఆయనే. జట్టు పెద్దదే, కానీ తల్లి కడుపులో బిడ్డను మోసినట్టు దాన్ని మోసింది మాత్రం ఆయన. బనగానపల్లె దగ్గర ఒక పల్లె ఆయనది. తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం, కొంచెం మామిడితోట. ఇంత పెద్ద ఇంజనీరై కూడా నోరు తెరిస్తే ఆ పల్లె మాటే. ఢిల్లీ నుంచి వచ్చిన వాళ్ల ముందు కూడా మాతో "యాడికి పోతాండారు, ఈడ కూచోండి" అనేవాడు. ప్రతి పరీక్షకూ వచ్చి మా క్యాబిన్‌లో ఒక మూల ఇనుప కుర్చీలో కూర్చొనేవాడు. పొద్దున టిఫిన్‌కు ఉగ్గాని, బజ్జీ తప్పనిసరి. "మీ కడపోళ్లకు కోపం ముందొస్తాది, మాట తర్వాతొస్తాది" అని నన్ను ఆటపట్టించేవాడు. "మీ కర్నూలోళ్లకు రెండూ రావు, బజ్జీలే లోపలికి పోతాయి" అనేదాన్ని నేను.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. డేటా చూడకముందు తీపి లేదు. ఒకసారి ఒక ఇంజనీరు తెర మీద రాడార్ గురి తప్పిందని ఎగిరి గంతేసి లడ్డూల డబ్బా తెచ్చాడు. సారు ఆ డబ్బా లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేశాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా? డేటా రానియ్యప్పా" అన్నాడు. డేటా వచ్చింది. జామర్ పని చేయలేదు. ఆ లడ్డూలు చీమలు తిన్నాయి. చేసింది ఆయన, ఓడింది ఆయన, ఆ నియమం పెట్టిందీ ఆయనే. అందుకే ఆయనంటే నాకంత గౌరవం.

ఇంకొకటి కూడా ఉంది. పరీక్ష అయ్యాక ఆయన పాసా ఫెయిలా అని అడిగేవాడు కాదు. "ఏమ్మా, చూసినావా?" అని అడిగేవాడు. రికార్డయిన డేటాను నా కళ్లతో నేను చూసి ఉంటేనే "చూసినా సార్" అనాలి. ఎవరో చెప్తే విని ఉంటే "చెప్పినారు సార్" అనాలి. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరమో మా క్యాబిన్‌లో అందరికీ తెలుసు. కొత్తగా చేరిన వాళ్లు ఒక్కసారి పొరపాటున "చూసినా" అని దొరికిపోతే చాలు, జన్మలో మళ్లీ ఆ తప్పు చేయరు.

ఆయనకు కడుపునొప్పి మొదలైనప్పుడు బజ్జీల వల్లే అనుకున్నాం. నేనే ఎగతాళి చేశాను. తర్వాత తెలిసింది, కడుపులో గడ్డ, అప్పటికే అంతా పాకిపోయింది. ఈ ఎండాకాలం దాటడం కష్టమని డాక్టర్లు ఇంట్లోవాళ్లకు చెప్పారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. ఆసుపత్రిలో చేరేముందు రేంజికి వచ్చి, కుర్చీ వెనక్కి జరిపి, అందరి మొహాలూ ఒకసారి చూసి, "ఈసారి సార్టీకి నేను రాలేనబ్బా" అన్నాడు. సార్టీ అంటే పరీక్ష కోసం ఒక విమానం ఎగిరి రావడం. అంతకు ముందు జామర్‌లో మార్పులన్నీ చేసి ఉన్నారు. రాబోయే సార్టీ మీదే ఆయన ప్రాణమంతా పెట్టుకున్నాడు. మా సంగతులు ఫోన్లో మాట్లాడకూడదు కదా, అందుకని తనే ఒక మాట అనుకున్నాడు. "పని చేస్తే, పండ్లు పంపించండి సార్ అనండి. నాకు అర్థమైతాది. మా తోట పండ్లు నేను పంపిస్తా."

సార్టీ రోజు ఎండ మాడిపోతోంది. క్యాబిన్‌లో ఏసీ మూలుగుతోంది. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. విమానం పడమటి నుంచి వచ్చింది, మా రాడార్ దాన్ని పట్టుకుంది. తెర మీద గురి గుర్తు దాన్ని అంటిపెట్టుకొని కదులుతోంది. ఊపిరి బిగబట్టుకొని చూస్తున్నాం. విమానం మమ్మల్ని దాటి తూర్పుకు పోతుంటే ఉన్నట్టుండి గురి జారింది. పట్టు ఉందని చెప్పే దీపం ఆరిపోయింది. రాడార్ పిచ్చిదానిలా అటూ ఇటూ వెతుకుతోంది. అబ్బా! ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. పక్కవాళ్లను కావలించుకొని ఏడ్చిన వాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

లోపలికి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గరే వదలాలి. మా పెద్దాఫీసరు మమ్మల్ని వెంటేసుకొని గేటుదాకా పరుగెత్తినంత పని చేసి, ఫోన్ తీసుకొని, "సార్, పండ్లు పంపించండి" అన్నాడు. అవతల సారు ఏమన్నాడో మాకు వినబడలేదు. పెద్దాఫీసరు మాత్రం కర్చీఫ్‌తో కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే సారు బావమరిది ఆటోలో గడ్డి పరిచి, పండ్లు పేర్చుకొని వచ్చాడు. గేటు బయట చెట్టు కింద నిలబడి తిన్నాం. రసం మోచేతుల దాకా కారుతుంటే చీకుతూ తిన్నాం. అంత తీపి నేను ఎరగను.

ఆయన నియమం ఎవరికీ గుర్తు రాలేదు. అసలు విచిత్రం ఏమిటంటే ఆయనకూ గుర్తు రాలేదు. "చూసినారా?" అని ఫోన్లో ఒక్క మాట అడిగి ఉంటే పెద్దాఫీసరు తగ్గేవాడు, డేటా రానీ సార్ అనేవాడు. ఆయన అడగలేదని పెద్దాఫీసరే తర్వాత చెప్పాడు. జీవితమంతా అందరి తీపీ బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఆగలేకపోయాడు. ఆగడానికి ఆయన దగ్గర కాలం లేదు.

మరునాడు డేటాకు కూర్చున్నాను. అన్నీ ఒకే గడియారం మీద పేర్చాను. రాడార్ పట్టు పోయిన క్షణం ఒక గీత. దాని కింద విమానం ఉన్న చోటు. ఆ కింద, జామర్‌ను వినడానికే పెట్టిన మా రిసీవర్‌కు అందిన సంకేతం. పట్టు పోయిన క్షణంలో ఆ మూడో గీత ఖాళీగా ఉంది. జామర్ మూగగా ఉంది. ఎక్కడో పొరపాటు చేశానని మళ్లీ పేర్చాను. మళ్లీ అదే. అప్పుడు విమానం ఎత్తు చూశాను. అనుకున్న దారికంటే కొంచెం కిందికి దిగి ఉంది. రాడార్ ఉన్న చోటి నుంచి ఆ చోటికి గీత గీస్తే, మధ్యలో తూర్పు గుట్ట భుజం. మా రిసీవర్ ఆ గుట్ట నెత్తినే ఉంది కాబట్టి దానికి విమానం కనబడుతూనే ఉంది, దాని మౌనం కూడా వినబడింది. రాడార్ పట్టు వదిలింది జామర్ వల్ల కాదు. గుట్ట అడ్డం వచ్చింది. అంతే. నోట్లో నిన్నటి పండు తీపి ఇంకా ఉన్నట్టే ఉంది.

పెద్దాఫీసరు అంతా రెండుసార్లు చూశాడు. తర్వాత మా అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "లోపం దొరుకుతుంది, సరిచేస్తాం, మళ్లీ ఎగరేస్తాం. కాగితం మీద ఏది నిజమో అదే రాస్తాం. కానీ ఆయనకు మాత్రం ఎవరూ చెప్పొద్దు. సంతోషంగా ఉన్నాడట. సంతోషంగానే పోనీ." అందరూ తలూపారు. అందరికంటే ముందు నేనే ఊపాను. ఎవరైనా ఆయనకు చెప్తే నాలుక కోస్తానని కూడా అన్నాను.

ఆ వారంలోనే సారు నన్ను రమ్మని కబురు పెట్టాడు. అబద్ధం బాగా నూరిపెట్టుకొని పోయాను. బస్సులో కూర్చొని పెదవులు కదుపుతూ సాధన చేశాను. బ్రహ్మాండంగా వచ్చింది సార్, మీరు చెప్పినట్టే వచ్చింది సార్. వార్డు గుమ్మంలో ఆయన భార్య ఎదురొచ్చింది. నేను అక్కా అంటాను, నన్ను పాపా అంటుంది. నా చెయ్యి పట్టుకొని, "పండ్లు పంపిన కాడి నుంచి నగుతానే ఉండాడు పాపా. నొప్పి అనే మాటే ఎత్తలేదు. ఎన్నాళ్లయిందో ఆయప్ప మొగం ఇట్ల చూసి" అంది. ఆమె మొహమూ వెలుగుతోంది.

ఆయన సగానికి సగమైపోయాడు. దిండుకు ఆనుకొని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. "రామ్మా కడప కోపం" అన్నాడు. పండ్లు అందరికీ అందినాయా అని అడిగాడు. అందరికీ అందాయని చెప్పాను. కాసేపు మా క్యాబిన్ ఏసీ గురించి, ఉగ్గాని బండి గురించి మాట్లాడాడు. ఇక లేవవచ్చు అనుకున్నాను. అప్పుడు అడిగాడు.

"ఏమ్మా, చూసినావా?"

అబద్ధాలన్నీ ఇంకో ప్రశ్నకు నూరిపెట్టుకున్నాను. ఎట్లా వచ్చింది, బాగా వచ్చిందా అని అడుగుతాడనుకున్నాను. ఈ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు ఉంది, అది ఆయన నేర్పిందే. కాగితాలు బయటికి తేకూడదు. ఆయన ఇక రేంజికి రాడు. లోకంలో ఆయనకు మిగిలిన సాక్ష్యం నా నోరొకటే. నేను ఏం చెప్తే అదే ఆయనకు నిజం.

"చూసినా సార్" అన్నాను. "గుట్ట అడ్డం వచ్చింది సార్."

ఆయన మొహంలో నవ్వు వెంటనే పోలేదు. మెల్లగా పోయింది. అట్లా పోవడం నేను చూడకుండా ఉంటే బాగుండేది. "తూర్పు గుట్టా?" అన్నాడు. అవునన్నాను. "కిందికి దిగినాడా?" దిగాడన్నాను. "మరి మనది?" అన్నాడు. మనది అంటే జామర్. నేను తల అడ్డంగా ఊపాను. వెనక అక్క చేతిలోని గ్లాసును టక్కున బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది.

ఆయన, "పండ్లు బాగుండెనా?" అని అడిగాడు.

"శానా తియ్యగా ఉండె సార్."

"సరే తియ్" అన్నాడు. "మంచి పని చేసినావు, చూసింది చూసినట్టు చెప్పినావు. నువ్వు పో తల్లీ, నేను రోంత పండుకుంటా."

అదే ఆయన నాతో ఆడిన ఆఖరి మాట. ఆ తర్వాత మళ్లీ నొప్పి, మళ్లీ మూలుగు అని విన్నాను. ఆ వారం దాటలేదు.

ఆయన ఊళ్లో చర్చి ముందు నాపబండల మీద మేమంతా నిలబడ్డాం. మా రాజంపేటలో అయితే పటం పెట్టి, దీపం వెలిగించి, పోయిన మనిషికి ఇష్టమైంది వండి ముందర పెడతాం. వాళ్లలో అది లేదు. పాటలు పాడారు, ప్రార్థన చేశారు, మట్టి వేశారు. దుఃఖాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక నేను ఒక పక్కన నిలబడి ఉంటే అక్క నేరుగా నా దగ్గరికే వచ్చింది. ఓదార్చబోయి చెయ్యి చాపాను. విదిలించేసింది.

"ఒక్క అబద్ధం పాపా! ఒక్కటంటే ఒక్కటి ఆడింటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? నగుతా పోయేటోన్ని ఏడిపిచ్చి పంపిస్తివి. నీ కండ్లు చల్లబడెనా?"

ఎవరేమన్నా రెండింతలు తిరిగి అనే దాన్ని, ఆ రోజు ఒక్క మాట రాలేదు. ఆమె చెప్పింది తప్పని అనలేను. ఆయనకు నేను అబద్ధం చెప్పి ఉండాల్సిందనీ అనలేను. అడిగిన మనిషి మీద కూడా నాకు కోపమొచ్చింది. ఎందుకు అడిగావు సార్? ఫోన్లో అడగనివాడివి ఆసుపత్రిలో ఎందుకు అడిగావు? మంచం మీద కూడా నాకు పరీక్ష పెట్టాలా? చాలా రోజులు ఆ ఖాళీ ఇనుప కుర్చీ వైపు చూసి మనసులో ఇట్లా పోట్లాడేదాన్ని.

జామర్ లోపం దొరికింది. ఎండకు లోపల వేడెక్కి నోరు తెరవడానికి ఆలస్యం చేస్తోంది. జట్టు ఓపికగా సరిచేసింది. మళ్లీ ఎండాకాలం వచ్చాక మళ్లీ ఎగరేశాం. ఈసారి గుట్టలన్నీ తప్పించే దారి నేనే గీశాను. విమానం వచ్చింది. రాడార్ పట్టుకుంది. గురి జారింది, దీపం ఆరింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ గేటు వైపు పరుగెత్తలేదు. అందరూ నా వైపు చూశారు. అన్నీ పేర్చేదాకా, మూడు గీతలూ ఒకదాని కింద ఒకటి వచ్చేదాకా ఎవరూ ఇంటికి కూడా పోలేదు. జామర్ నోరు తెరిచింది, ఆ వెంటనే రాడార్ పట్టు వదిలింది. మధ్యలో గుట్ట లేదు, ఆకాశం తప్ప ఏమీ లేదు. పని చేసింది. కుర్చీ వైపు తిరిగాను. అడిగేవాళ్లు లేరు. తల బల్లకు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరూ వద్దనలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. ఊరి నిండా మామిడి వాసన. అక్క వసారాలో నాపబండల మీద కూర్చొని పండ్లు తుడిచి గడ్డిలో పేరుస్తోంది. నన్ను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కా, పని చేసింది" అన్నాను.

ఆమె చేతిలో పండు తుడుస్తూనే ఉంది. ఆ పండు ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా తుడుస్తూనే ఉంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"చూసినావా?"

ఆసుపత్రిలో ఆ మాట ఆమె విన్నదని నేను మరిచిపోయాను. అక్కడే బండ మీద కూర్చున్నాను.

"చూసినా అక్కా."

"నీ కండ్లతోనేనా?"

"నా కండ్లతోనే."

"గుట్ట?"

"గుట్ట లేదక్కా. ఈసారి ఏమీ అడ్డం రాలేదు."

ఆమె తల ఊపింది. కత్తిపీట ముందుకు లాక్కొని, ఆ పండును రెండు చెంపలుగా కోసింది. ఒక చెంప నా చేతిలో పెట్టింది. "తిను" అంది. తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. నేను తిన్న ఆఖరి బనగానపల్లె పండు అదే.

రెండో చెంప ఆమె చేతిలోనే ఉంది. లేచి లోపలికి రెండడుగులు వేసి ఆగింది. గోడ మీద సారు ఫోటో ఉంది. వాళ్ల ఇళ్లలో పోయినవాళ్ల ఫోటో ముందర తినేవి పెట్టే అలవాటు లేదు. మళ్లీ వెనక్కి తిరిగింది. రసం ఆమె మణికట్టు మీదుగా కారుతోంది, తుడుచుకోలేదు. నా దిక్కు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"ఆయప్పది ఈ ముక్క" అంది. "దీన్ని యాడ పెట్టల్ల పాపా?"